ఒక్క అక్షరం, రెండు దిక్కులు

జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో నల్లగొండలో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ చేసిన ప్రసంగం ఇది. చివర సభలోంచి వచ్చిన ఒక ప్రశ్న, దానికి జవాబు ఉన్నాయి.

పెద్దలందరికీ నమస్కారం. పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి రాత్రి లైట్లు తీసేదాకా ఇక్కడే కూర్చొని పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన అన్నలకు, అక్కలకు కూడా నమస్కారం.

నన్ను ఇంగ్లీషు గురించి మాట్లాడమన్నారు. నేను తెలుగుతో మొదలుపెడతాను. ఆ మధ్య నాకొక పెండ్లి పత్రిక వచ్చింది. అందులో 'ఆహుతులందరికీ విందు' అని అచ్చు వేశారు. ఆహూతులు అంటే పిలుపు అందుకున్నవాళ్లు. 'హూ'కు దీర్ఘం ఉండాలి. ఆ దీర్ఘం తీసేస్తే ఆహుతి అవుతుంది. అంటే హోమంలో వేసేది, అగ్నికి ఇచ్చేది. పిలిచిన చుట్టాలను తీసుకుపోయి నిప్పుల్లో వేసినట్టు అయింది. ఆ ఇంటివాళ్లకు అలాంటి ఉద్దేశం లేదని చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి నష్టం ఏమీ జరగలేదు, పెండ్లి బ్రహ్మాండంగా జరిగింది.

నష్టం ఎందుకు జరగలేదో చూడండి. తెలుగు మన ఇంట్లో భాష. కల, కళ పక్కపక్కన రాసినా మనకు ఇబ్బంది లేదు. రాసినవాడు తప్పు రాసినా చదివేవాడు సరిదిద్దుకుంటాడు. ఇంగ్లీషు మనలో చాలామందికి అలా రాలేదు. అది మనకు ఎక్కడ ఎదురవుతుంది? బ్యాంకు కాగితం మీద, ఆస్పత్రి చీటీ మీద, పాస్‌పోర్టు మీద, రిజిస్ట్రేషన్ దస్తావేజు మీద. అంటే సంతకం పెట్టే చోట, మందు వేసుకునే చోట, ఊరు దాటే చోట. అక్కడ తప్పు చదివితే సరిదిద్దడానికి పక్కన ఎవరూ ఉండరు.

31 ఏళ్లు సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. ఒకలాగే కనిపించే మాటలు అంటే గైడులో రెండు వరసల పట్టిక ఉంటుంది. నేనూ ఆ పట్టికను బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను. పిల్లలు మార్కులు తెచ్చుకున్నారు కూడా. కానీ ఆ పట్టికలో అన్ని జంటలకూ ఒకటే బరువు ఉంటుంది. బయట అలా ఉండదు. స్టేషనరీ అనే మాటలో చివర 'ఏ' రాస్తే కదలకుండా ఉన్నదని, 'ఈ' రాస్తే కాగితాలు, పెన్నులు అని అర్థం. దుకాణం బోర్డు మీద తప్పు రాసినా మనకు నోట్‌బుక్ దొరుకుతుంది. పాలకేంద్రం బోర్డు మీద డెయిరీకి బదులు డైరీ అని రాసినా పాలు పాలే. మున్సిపాలిటీకి గెలిచినాయన కౌన్సిలర్, మనసు బాగాలేనప్పుడు కూర్చోబెట్టి మాట్లాడేవారు కౌన్సెలర్. కలిపేసి పలికినా మన పని ఆగదు. వీటి మీద ఈ రోజు సమయం పెట్టను. ఒక్క అక్షరం మారితే మనిషి నిలబడే వైపు మారిపోయే మాటలు కొన్ని ఉన్నాయి. ఇచ్చేవాడు తీసుకునేవాడు అవుతాడు, పోయేవాడు వచ్చేవాడు అవుతాడు, ఎక్కువ అన్నది తక్కువ అవుతుంది. వాటి గురించే మాట్లాడతాను.

ముందు భూమి సంగతి. మన జిల్లాలో దాని తర్వాతే ఏదైనా.

కౌలు కాగితంలో ఇద్దరి పేర్లుంటాయి. ఒకరు లెసర్, ఒకరు లెసీ. అమ్మకం దస్తావేజులో వెండర్, వెండీ. తాకట్టు కాగితంలో మార్ట్‌గేజర్, మార్ట్‌గేజీ. దానపత్రంలో డోనర్, డోనీ. చివర 'ఓ ఆర్' ఉంటే ఇచ్చేవాడు, 'డబుల్ ఈ' ఉంటే పుచ్చుకునేవాడు. భూమిని కౌలుకు ఇచ్చిన పట్టాదారు లెసర్. కౌలుకు తీసుకొని దున్నేవాడు లెసీ. అమ్మినవాడు వెండర్, కొన్నవాడు వెండీ. ఇంతవరకు తేలికే.

చిక్కు తాకట్టు దగ్గర వస్తుంది. రైతు బ్యాంకుకు పోయి భూమి కాగితాలు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. ఇందులో మార్ట్‌గేజర్ ఎవరు? తరగతిలో ఎన్నిసార్లు అడిగినా పిల్లలంతా బ్యాంకు అనే చెప్పేవాళ్లు. వాళ్ల ఆలోచనలో తర్కం ఉంది. డబ్బు ఇచ్చేది బ్యాంకు కదా, ఇచ్చేవాడికి 'ఓ ఆర్' కదా అని. కానీ ఆ మాటలో ఇస్తున్నది డబ్బు కాదు, తాకట్టు. తాకట్టు ఇస్తున్నది రైతు. అందుకే రైతు మార్ట్‌గేజర్, బ్యాంకు మార్ట్‌గేజీ. పెద్దవాడెవరు, చిన్నవాడెవరు అన్న లెక్క దానికి లేదు. ఏ వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోంది అన్నదొక్కటే చూస్తుంది.

దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలా అని చాలా రోజులు తన్నుకున్నాను. చివరికి జవాబు మా ఊళ్లోనే, మా అమ్మ నోట్లోనే దొరికింది. ఎవరి గురించో మాట్లాడుతూ 'వాడు పొలం తాకట్టు పెట్టిండు, వీడు తాకట్టు పట్టిండు' అంది. పెట్టిండు, పట్టిండు. ఒక్క ఎత్వం తేడా! మా అమ్మ బడి ముఖం చూడలేదు. అయినా ఆ రెండు మాటలు ఆమె నోట్లో ఒక్కనాడూ తారుమారు కాలేదు. పెట్టినవాడు మార్ట్‌గేజర్, పట్టినవాడు మార్ట్‌గేజీ. తెల్లారి బడికి పోయి అదే చెప్పాను. తర్వాత ఏ బ్యాచ్‌లోనూ ఆ ప్రశ్నకు తప్పు జవాబు రాలేదు.

మన తాతలకు కూడా ఈ చిక్కు ఉండేది. అప్పుడు భాష వేరు, అంతే. నిజాం కాలంలో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. తాకట్టును రెహన్ అనేవాళ్లు. ఇప్పటికీ పెద్దవాళ్లు ఆ మాట అంటారు. రెహన్ పెట్టినవాడు రాహిన్, పట్టినవాడు ముర్తహిన్. అవి కూడా ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే, చెవికి దగ్గరగా వినిపించేవే. చదవడం రాని రైతు ఎక్కడ తన పేరుందో, ఎక్కడ దొర పేరుందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. కాగితం చదివి చెప్పేవాడి దయ మీద భూమి ఉండేది. మన దగ్గర సాదా బైనామాల, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాల గొడవ ఇన్నేళ్లు నడిచిందంటే, కాగితానికీ మనకూ ఉన్న దూరం కూడా అందులో ఒక కారణమే అని నా నమ్మకం.

మునుగోడు వైపు ఒక అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదివేది. పదో తరగతి దాకా నా దగ్గర చదివింది. వాళ్ల నాయన మూడెకరాలు కౌలుకు ఇస్తూ, టైపు షాపులో కాగితం కొట్టించుకొచ్చాడు. సంతకాలు పెట్టే ముందు ఈ పిల్ల తీసి చదివింది. లెసర్ అన్న చోట కౌలుదారు పేరు, లెసీ అన్న చోట వాళ్ల నాయన పేరు ఉన్నాయి. అంటే ఆ కాగితం ప్రకారం భూమి కౌలుదారుది, వీళ్ల నాయన దాన్ని దున్నుకునేవాడు. కౌలుదారు మంచివాడే. ఆయనకూ ఆ సంగతి తెలియదు. టైపు కొట్టినాయన పాత కాగితాన్ని నమూనాగా పెట్టుకొని పేర్లు మార్చేటప్పుడు తారుమారు చేశాడు. ఆ పిల్ల ఆ రాత్రే నాకు ఫోన్ చేసి 'సార్, చివర డబుల్ ఈ ఉంటే తీసుకునేవాడే కదా' అని అడిగింది. అవునమ్మా అన్నాను. తెల్లారి కాగితం మార్చి రాయించుకున్నారు. నా 31 ఏళ్ల ఉద్యోగంలో నేను దాచుకున్న ఫోన్లలో అదొకటి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 'డబుల్ ఈ' అన్ని చోట్లా పుచ్చుకునేవాడని చెప్పదు. ఆబ్సెంటీ అంటే రానివాడు, రెఫ్యూజీ అంటే ఆశ్రయం వెతుక్కుంటూ పారిపోయి వచ్చినవాడు. కాబట్టి ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక వస్తువు ఉన్న చోటే నేను చెప్పిన లెక్క వాడండి.

బ్యాంకు కాగితంలో ఇంకొక జంట ఉంది. ప్రిన్సిపల్. మన చెవికి రెండూ ఒకటే వినిపిస్తాయి, తెలుగులో రాసినా ఒకేలా రాస్తాం. చివర 'పీ ఏ ఎల్' ఉంటే ముఖ్యమైనది. కాలేజీకి ముఖ్యుడు, అప్పులో ముఖ్యమైన భాగం, అంటే అసలు. చివర 'పీ ఎల్ ఈ' ఉంటే నియమం, సూత్రం. అప్పు కాగితంలో మీకు కనిపించేది ఎప్పుడూ మొదటిదే. కిస్తు కట్టినప్పుడు రసీదులో ఆ మాట పక్కన అంకె తగ్గిందా లేదా చూసుకోండి. తగ్గలేదంటే మీరు కట్టింది వడ్డీకే పోయిందన్నమాట.

ఇప్పుడు పాలమూరు సంగతి. వలస అనగానే మన దక్షిణ తెలంగాణలో ఎవరికైనా పాలమూరు గుర్తొస్తుంది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబరే అని చెప్పుకుంటాం. వలసకు ఇంగ్లీషులో మైగ్రేషన్ అనే మాట ఉంది. దాని ముందు 'ఈ' చేరిస్తే ఎమిగ్రేషన్, 'ఐ ఎమ్' చేరిస్తే ఇమిగ్రేషన్. మొదటిది బయటికి పోవడం, రెండోది లోపలికి రావడం. మక్తల్ నుంచి ఒక మనిషి దుబాయ్ పోతే మన లెక్కలో ఎమిగ్రెంట్. అదే మనిషి, అదే రోజు, అక్కడివాళ్ల లెక్కలో ఇమిగ్రెంట్. గడప ఒకటే. ఇంట్లోంచి చూసేవాళ్లు పోయాడంటారు, అవతల నిలబడ్డవాళ్లు వచ్చాడంటారు.

సంస్కృతం నుంచి వచ్చిన మన మాటల్లోనూ ఇది ఉంది. నిర్గమనం అంటే వెళ్లిపోవడం, ఆగమనం అంటే రావడం. దానం అంటే ఇవ్వడం, దాని ముందు 'ఆ' చేర్చి ఆదానం అంటే తీసుకోవడం. ఆదాన ప్రదానాలు అని మనం అలవాటుగా అనేస్తాం, అందులో దిక్కు మార్చింది ఆ ముందు అక్షరమే అని గమనించం.

దీని వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్తాను. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడి తండ్రి పదో తరగతి పాస్ కాలేదు. ఆయన పాస్‌పోర్టు మీద 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉంది. అలాంటివాళ్లు సౌదీ, కువైట్, ఖతార్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఇక్కడే, బయల్దేరక ముందే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన నియమం అది. పోయే మనిషిని మోసం నుంచి కాపాడడానికి పెట్టారు. ఏజెంటు మాత్రం ఆయనకు 'అది అక్కడ దిగినాక చూస్తారులే' అని చెప్పాడు. ఆ ఏజెంటుకు నిజంగా తెలియదో, తెలిసే చెప్పాడో నాకు తెలియదు. విమానాశ్రయంలో ఆపేశారు. టికెట్ డబ్బులు పోయాయి, అప్పు మిగిలింది. పాస్‌పోర్టు మీది మాటలో మొదటి అక్షరం 'ఈ'. బయటికి పోయేటప్పుడు జరిగే చెక్ అని ఆ ఒక్క అక్షరమే చెప్తోంది. అది ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఆ సంగతి విన్నరోజు నాకు అన్నం సహించలేదు. ఆ పిల్లవాడికి ఆ రెండు మాటలూ పట్టికలో నేనే నేర్పాను. వాళ్ల నాయన పాస్‌పోర్టు మీద అవి ఉంటాయని మాత్రం నేర్పలేదు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మనం దేశం వదిలి పోయేటప్పుడు కూడా విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే కౌంటర్ మీద ఇమిగ్రేషన్ అనే రాసి ఉంటుంది. పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూసేది ఆ ఒక్క శాఖే. కాబట్టి పేరు అలా పెట్టుకున్నారు. అది చూసి రెండు మాటలూ ఒకటే అనుకోవద్దు.

ఆస్పత్రి మాటలకు వద్దాం. ఇక్కడ నాకు నిజంగా భయం వేస్తుంది. హైపర్, హైపో. రెండూ గ్రీకు మాటలు. హైపర్ అంటే పైన, మితిమీరి. హైపో అంటే కింద, తక్కువ. ఫోన్‌లో వింటే చివరి ముక్క గాలికి పోతుంది. మా వీధిలో ఒక పెద్దమ్మకు షుగర్ ఉంది. ఒక సాయంత్రం ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఎవరో డాక్టర్‌ను అడిగి, ఫోన్ చేసి 'హైపో అయి ఉంటుంది' అన్నాడు. షుగర్ మనిషి అనగానే ఇంట్లోవాళ్ల మనసులో ఉన్నది షుగర్ ఎక్కువ అన్న మాటే. తినడానికి ఏమీ పెట్టలేదు, చాయ్ కూడా ఇవ్వలేదు. ఆమెకు ఆ గంటలో కావలసింది చక్కెర. ఇంతలో ఆశా వర్కర్ వచ్చి వేలికి సూది గుచ్చి చూస్తే 52 ఉంది. 70 కంటే తగ్గిందంటేనే షుగర్ బాగా పడిపోయినట్టు, ప్రమాదం. వెంటనే చక్కెర నీళ్లు తాగించారు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి మనవరాలిని పేరుతో పిలిచింది.

నేను అప్పటి నుంచి అందరికీ చెప్పేది ఒకటే. ఆ గ్రీకు మాట ఎవరైనా మీతో అంటే, డాక్టరైనా సరే, 'ఎక్కువా, తక్కువా' అని తెలుగులో అడగండి. అడగడం చిన్నతనం కాదు. మన వాళ్లు 'షుగర్ డౌన్ అయింది' అంటారు. అది ఆ గ్రీకు మాట కంటే ఎంతో భద్రమైన మాట. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా మీది హైపర్ థైరాయిడా, హైపో థైరాయిడా రాసి పెట్టుకోండి. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు సరికదా, కీడు చేస్తుంది.

హైపర్‌టెన్షన్ గురించి కూడా చెప్పాలి. చీటీ మీద అది చూసి 'నాకేం టెన్షన్ లేదు సార్, పిల్లలంతా సెటిల్ అయ్యారు' అని మందు మానేసినాయన నాకు తెలుసు. అక్కడ టెన్షన్ అంటే రక్తనాళాల్లో రక్తం పెట్టే ఒత్తిడి. మనం రోజూ పడే టెన్షన్ కాదు. అంటే మామూలుగా బీపీ అంటామే, అదే. మనసు ఎంత ప్రశాంతంగా ఉన్నా అది ఉండొచ్చు.

నల్లగొండలో నిలబడి ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఎలా ఉంటాను? మూడు మాటలు ఉన్నాయి. ఫ్లోరిన్, ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్. మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. 'మా ఊరి నీళ్లలో ఫ్లోరిన్ ఉంది' అని మర్రిగూడ వైపు ఇప్పటికీ వింటాను. ఫ్లోరిన్ అనేది లేత పసుపు రంగు వాయువు, విషం. అది అలా విడిగా మన బోర్ల నీళ్లలో ఉండదు. అది రాతిలోని వేరే పదార్థాలతో కలిసి ఉన్న రూపం ఫ్లోరైడ్. రాయి నుంచి నీళ్లలోకి దిగేది అదే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా పర్వాలేదని ప్రమాణం పెట్టారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద, ఎముకల మీద వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. చివర 'ఓసిస్' ఉంటే చాలాసార్లు జబ్బు పేరు. రాతి దుమ్ము పీల్చేవాళ్లకు వచ్చే సిలికోసిస్ లాగా. ఈ తోకలు తెలిస్తే క్లోరిన్, క్లోరైడ్ కూడా విడిపోతాయి. నీళ్ల ట్యాంకులో క్రిములను చంపేది క్లోరిన్, మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పు సోడియం క్లోరైడ్.

పిల్లలు ఫ్లోరైడ్ స్పెల్లింగులో 'యూ ఓ' బదులు 'ఓ యూ' రాస్తారు. అప్పుడు మొదటి సగం పిండి అవుతుంది. ఆ పిండి మాట ఒకప్పుడు పువ్వు మాటే. ధాన్యంలో మేలైన భాగం, పువ్వు లాంటిది అని అలా పిలిచారు, తర్వాత స్పెల్లింగ్ విడిపోయింది. ఫ్లోరైడ్ మాత్రం లాటిన్‌లో పారడం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. లోహాలు కరిగించేటప్పుడు అవి తేలిగ్గా పారడానికి వేసే రాయి పేరు నుంచి పుట్టింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి వడకట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసింది. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. ఇతర దేశాల పుస్తకాల్లో మన ఊరి పేరు ఆ రకంగా ఎక్కింది. వంగిన కాళ్లతో మా బడికి నడిచి వచ్చిన పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. ఆ పేరు చదివినప్పుడల్లా వాళ్లే కళ్ల ముందు కనిపిస్తారు. వాళ్లకు వచ్చిన జబ్బు పేరును తప్పు పలకకూడదని, తప్పు రాయకూడదని నా పట్టుదల.

గ్రంథాలయంలో ఉన్నాం కాబట్టి ఒక్క జంట చెప్పి ఆపుతాను. ప్రిస్క్రైబ్, ప్రోస్క్రైబ్. మొదటిది చదవమని, వాడమని చెప్పడం. రెండోది నిషేధించడం. మొదటి మాట తగిలిన పుస్తకం పిల్లల బల్ల మీదికి వస్తుంది, రెండోది తగిలిన పుస్తకం పోలీసు స్టేషన్‌కు పోతుంది. అదృష్టవశాత్తు ఈ గదిలో అల్మారాలు తెరిచే ఉన్నాయి. నిఘంటువులు కిటికీ పక్కన ఉన్నాయి, పోయేటప్పుడు ఒకసారి చేత్తో తీసి చూడండి. ఇక మీరు అడగండి.

(చౌటుప్పల్ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్: సార్, ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కానిది, ఇన్‌కంప్లీట్ అంటే పూర్తి కానిది. మరి హైవే మీద ట్యాంకర్ల వెనక ఇన్‌ఫ్లేమబుల్ అని రాస్తారు. అంటే అంటుకోనిదనా?)

మంచి ప్రశ్న అన్నా. ఈ రోజు అందరికంటే అవసరమైన ప్రశ్న మీరే అడిగారు. లాటిన్‌లో 'ఇన్' అనే ముక్కలు రెండున్నాయి. ఒకటి 'కాదు' అని చెప్తుంది. మీరు చెప్పిన రెండు మాటల్లో ఉన్నది అదే. ఇంకొకటి 'లోపలికి' అని చెప్తుంది. ఇందాక ఇమిగ్రేషన్‌లో 'ఇమ్' అయి కనిపించిందే, అది. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది ఈ రెండోది. మంట పట్టించడానికి వీలైనదని దాని అర్థం. ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే, రెండూ భగ్గున అంటుకునేవే. మీకు వచ్చిన అనుమానమే అమెరికాలో అగ్నిప్రమాదాలను ఆపడానికి పనిచేసేవాళ్లకూ వచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకుంటారని, 1920ల నుంచే 'ఇన్' తీసేసి ఫ్లేమబుల్ అనే రాయమని ప్రచారం చేశారు. అంటుకోనిది అని చెప్పాలంటే నాన్‌ఫ్లేమబుల్ అని రాస్తారు. మన ట్యాంకర్ల మీద పాత మాటే ఉండిపోయింది. మీ క్లీనర్‌కు కూడా ఈ సంగతి చెప్పండి. 65వ నంబర్ హైవే మీద అలాంటి ట్యాంకర్ పక్కకు ఒరిగి కనిపిస్తే, ఎవరు బకెట్ పట్టుకొని ఉరికినా మీరు మాత్రం బండిని దూరంగా, ట్యాంకర్ మీది గాలి మీ వైపు రాని చోట ఆపి, ఇంజన్ ఆపేసి, 112కు ఫోన్ చేయండి.